నల్లగుడ్డ కింద చూసిన ముఖం

అనంతగిరి,
రుధిరోద్గారి, శ్రావణం.

చిరంజీవి సౌభాగ్యవతి నూకరత్నానికి దీవెనలు. నేనిక్కడ క్షేమమనే రాయాలి గనక అలాగే రాస్తున్నాను. కోట ఊళ్ళో నువ్వు, అమ్మ, పిల్లలు క్షేమంగా ఉంటే నాకు అదే పదివేలు. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. అమ్మ అడిగితే దగ్గు తగ్గిందట అని చెప్పు, అది నిజమే. ఉత్తరం తెచ్చిన సోములమ్మ ఇక్కడి కొండమనిషి, మన సంతకు పసుపు అమ్ముకోడానికి దిగుతుంది. అన్నం పెట్టి పంపించు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పెద్దింటి పెళ్ళికూతురు మగవాళ్ళ ఎదటికి రాదు గనక లోపలి గదిలోనే నువ్వే ఫొటో తీయాలన్నారని, ఆ చీకట్లో ఎలాగని అడిగావు. నువ్వు తీయగలవు. లెన్సు కన్ను ఎనిమిది అంకె మీద ఉంచు. అంకె పెరిగేకొద్దీ కన్ను చిన్నదైపోయి వెలుగు లోపలికి పోదని మరిచిపోకు. అమ్మాయి ఆరడుగుల దూరంలో ఉంటే రేకు మీద చెంచాడు వెలుగు పొడి చాలు, దూరం పెరిగితే పొడి పెంచు. దీపం దగ్గర పెట్టించి ముఖం స్పష్టంగా కనబడేదాకా సరిచూసుకో. తరవాత దీపం తీసేసి, లెన్సు మూత తీసి, పొడి అంటించు. భగ్గుమనగానే మూత పెట్టెయ్యి. నీ ముఖం మాత్రం పక్కకి తిప్పుకో. పోయినేడు నా కనుబొమలు కాలితే నువ్వెంత నవ్వావో నాకింకా గుర్తుంది.

ఇక్కడ నా పనీ చీకట్లోనే. సర్కారు మీద తిరగబడ్డ పితూరీ వాళ్ళతో కలిశారన్న అనుమానం మీద పట్టుకొచ్చిన మనుషుల్ని ఒక పాకలో ఉంచారు. ఫొటోలు విశాఖపట్నం పంపి, అక్కడ ఎవడి చేతో గుర్తు పట్టిస్తారట. గుర్తు తేలినవాడికి ఉరో, ద్వీపాంతరమో. తేలనివాళ్ళని ఈ ఆదివారం వదిలెయ్యమని పైనుంచి తాఖీదు వచ్చింది. బయటికి తెస్తే కొండవాళ్ళు విడిపించుకుపోతారని పోలీసు ఇన్‌స్పెక్టరు గారి భయం, అందుకని పాకలోనే తీయమన్నారు. నాకు ఆయనంటే భయం, ఆ పాకంటే భయం. పొడి భగ్గుమన్నప్పుడల్లా గుమ్మంలో సిపాయి ఉలిక్కిపడి తుపాకీ ఎత్తుతాడు, అదంటే మరీ భయం. పెళ్ళిళ్ళలో పులిహోర తిని ఫొటోలు తీసుకునేవాణ్ణి, నేనే దొరికానా వీళ్ళకి!

ఇంక నీ చివరి ప్రశ్న. పితూరీలోకి పోయిన నీ తమ్ముడి కబురేమైనా తెలిసిందా అని అడిగావు. దాన్ని దాటేద్దామనే ఇంతసేపూ ఏదేదో రాశాను. తెలిసింది, రత్నం. నిన్న వాణ్ణి చూశాను.

చింతపండు బేరగాణ్ణని చెప్పి పేరు మార్చుకున్నాడు. పాకలో మొదట కూర్చోబెట్టింది వాణ్ణే. లాంతరు ముఖం దగ్గర పట్టించి, నల్లగుడ్డ కప్పుకుని కెమెరా గాజుపలక మీద చూస్తే, తలకిందులుగా మన చిన్నోడు! గడ్డం పెరిగింది, చిక్కి సగమయ్యాడు. అయినా కనుబొమ మీద నువ్వు చిన్నప్పుడు అట్లకాడతో పెట్టిన గాటు ఎక్కడికి పోతుంది? గుడ్డ కింద ఉన్నాను గనక బతికాను, లేకపోతే నా ముఖం చూసి అందరికీ తెలిసిపోయేది. నేను బయటికి తల పెట్టేసరికి వాడు నన్నెరగనట్టే, "బాబూ, అది పేల్తాదేటి? కళ్ళు మూసుకోనా?" అన్నాడు. మనింట్లో ఎన్నిసార్లు ఆ రేకు పట్టుకున్నవాడో! "కదలకు" అన్నాను.

అప్పుడు లెన్సు కన్ను ముప్పై రెండు మీదికి తిప్పేశాను. వాడొక్కడి ఫొటోయే చెడితే అనుమానం వస్తుందని మిగిలిన అందరికీ అలాగే ఉంచాను. ప్లేట్లు కడిగితే ఒక్క ముఖమూ లేదు.

"ఏమయ్యా, మనుషులేరీ?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"వానకి పొడి చెమ్మగిల్లిందండి."

"మీ ఇంట్లో ఇంకో డబ్బా ఉందా?"

ఉందండి అన్నాను! లేదంటే సరిపోయేది. భయంలో నాకు నిజమే వచ్చేస్తుంది, ఏం చెయ్యను. వెంటనే ఒక జవానుని పిలిచి, డబ్బా తెచ్చి తన చేతికే ఇమ్మన్నారు. "నా దగ్గరా చిన్న కెమెరా ఉందయ్యా. ఈసారి అంకె నేను చూస్తాను" అన్నారు నాతో. నవ్వుతూనే అన్నారు.

అందుకని రత్నం, ఇది చదవగానే గూట్లో ఉన్న పొడి డబ్బా తీసి, నీళ్ళు పోసి కలిపి, ఆ నీళ్ళు పెరట్లో వంచెయ్యి. పొయ్యి దగ్గరికి మాత్రం తేకు. తడిసిన పొడి లోపలే ఉంచి, డబ్బా పైన తుడిచి, మూత బిగించి యథాస్థానంలో పెట్టు. ఆ పెళ్ళికూతురి బేరం పోతే పోనీ. జవాను వస్తే మజ్జిగ ఇచ్చి, డబ్బా చేతిలో పెట్టి, నా ఆరోగ్యం ఒక్కటే అడుగు. దారిలో వానకి తడిపేశావని ఇక్కడ పాపం వాడు తిట్లు తింటాడు, తిననీ. మళ్ళీ పొడి తెప్పించేసరికి ఆదివారం దాటిపోతుంది. నువ్వు ఏడవకు. ఏడిస్తే అమ్మ కనిపెడుతుంది, అమ్మ నోట్లో మాట దాగదు. ఉత్తరం కాల్చెయ్యి.

సోములమ్మ గుమ్మంలో నిలబడి తొందరపెడుతోంది. "ఏటి బాబూ ఇంకా రాస్తన్నావు? బేగి రాసీ. ఆ జవాను గుర్రమెక్కి రోడ్డట్టుకు ఎల్లిపోనాడు. నాను అడ్డదారిని దిగిపోతాను" అంటోంది. అడ్డదారిలో దాటవలసిన గెడ్డ వాన నీళ్ళతో పొంగుతోందని అందరూ అంటున్నారు. అడిగితే ఉత్తరం కోసం చెయ్యి చాపింది.

ఎవరు ముందొస్తారో నాకు తెలీదు. జవానే ముందొచ్చి మంచి పొడి పట్టుకుపోతే, ఇన్‌స్పెక్టరు పక్కన నిలబడగా ఎనిమిది మీద పెట్టి తీయవలసిందే. నాకు పని బాగా వచ్చు, రత్నం. ఫొటో చక్కగా వస్తుంది.

ఇట్లు,
నీ భర్త, వాడి బావ,
తాతారావు