ఏం పని చేస్తవని అడిగింది

పిల్లల నాయనా,

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న నీ తమ్ముడు మల్లేశును ఇటిక్యాల దవాఖానకు తీసుకుపోయాను. వాడికీ నీలాగే దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మ చెయ్యి పట్టి చూడకముందే, "ఏం పని చేస్తవు?" అని అడిగింది. నిన్ను అన్ని దవాఖానలు తిప్పాను. ఎక్కడా ఆ మాట అడగలేదు. అందరూ టీబీ మందులే రాశారు.

"కంకర మిషన్ కాడ, అమ్మా. మా అన్న గూడ ఆడనే చేసిండు" అన్నాడు మల్లేశు.

ముందే గద్వాలలో తీయించి తెచ్చిన ఎక్స్‌రేను ఆమె వెలుతురుకు పట్టి చూసింది. "రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. అది పోదు. ఇంకా ముదరకుండా ఉండాలంటే ఆ పని మానెయ్యాలె."

"మానేసి ఏం తినాలమ్మా?"

ఆమె నా వైపు చూసింది. నేను ఎక్స్‌రేను మళ్లీ కవర్లో పెట్టాను.

ఇంటికొచ్చి బతిమాలాను. "పోకు మల్లేశూ, మీ అన్నను జూసినవు గద."

"నాకు తెల్వదా వదినా? పిల్లలకు ఏం బెట్టమంటవు?"

ఈ పొద్దున మల్లేశు మేస్త్రీ బండెక్కి పనికి పోయాడు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆ దుమ్ము ఆగదని డాక్టరమ్మ చెప్పింది. అయినా నీ పాత తువ్వాలు ఉతికి వాడి సంచిలో పెట్టి పంపాను.