మన పద్మకు ఆడుకోవడం రాదు

మల్లమ్మా,

బాగున్నావా అని అడగడానికి నోరు రావడం లేదు. నువ్వు పోయి మొన్న అమావాస్యకు మూడేండ్లు నిండాయి. పద్మకు ఇప్పుడు ఏడో ఏడు. పొడుగైంది. నీ నుదురే, నీ కనుబొమలే.

కల్వకుర్తిలో అదే కిరాయి ఇంట్లో ఉన్నాం. నేను అదే బడిలో పంతులును. జ్వరంతో పోయిన నిన్ను దవాఖాన నుంచి బండిలో తెచ్చిన రోజే గట్టిగా అనుకున్నాను... ఈ పిల్లను మట్టిలో, ఎండలో తిరగనివ్వనని. ఏ రోగం ఎక్కడ పొంచి ఉందో ఎవరికి తెలుసు? తలుపుకు గొళ్లెం, మా అమ్మ కాపలా. బడికి నాతోనే, తిరిగి నాతోనే. ఇంటికి రాగానే పలక, ఎక్కాలు.

బయట పిల్లలు కచ్చకాయలు ఆడుతుంటే కిటికీ పట్టుకుని చూసేది. కొన్నాళ్లకు చూడటం కూడా మానేసింది. బుద్ధిమంతురాలైందని మురిసిపోయాను. ఇరవై ఎక్కాలు గుక్క తిప్పుకోకుండా చెబుతుందని నలుగురి ముందు నిలబెట్టి చెప్పించాను.

దీని గురించే కదా మనం పోట్లాడుకున్నది... పద్మకు మూడేండ్లు దాటగానే నేను పలక ఇస్తే, నువ్వు గుంజుకుని అటక మీద పెట్టేదానివి. గొర్లమంద మధ్య పెరిగినదానివి. "గొర్రెపిల్ల ఎగిరి దుంకితెనే కాళ్లు గట్టిపడ్తయి. కట్టేసి ఎన్ని పాలు తాపినా మందతోని నడ్వలేదు. జర ఆడనియ్యి దాన్ని" అనేదానివి. చదువుకోనిదాని మాట అని నవ్వాను.

మొన్న ఎండకాలం జడ్చర్ల దగ్గర మీ అన్న ఇంటికి తీసుకుపోయాను. అక్కడి పిల్లలు దొడ్డి వెనక బొమ్మరిల్లు కట్టారు. ఒకతె అత్త, ఒకతె కోడలు. కొట్లాడారు, అలిగారు, మళ్లీ వాళ్లే కలిసిపోయారు. పెద్దవాళ్లెవరూ మధ్యలోకి పోలేదు. పద్మ గోడ పక్కనే నిలబడింది. ఒక పిల్ల దాని చేతిలో ముంత పెట్టి నీళ్లు తెమ్మంటే, తేవచ్చా అన్నట్టు నా వైపు చూసింది. విసుగొచ్చి ఆ పిల్ల ముంత గుంజుకుంటే, తిరిగి అడగలేదు, ఏడవలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

పోయి ఆడుకో బిడ్డా అన్నాను.

"ఏం ఆడాలె నాయినా? నువ్వు చెప్పు, ఆడ్త" అన్నది.

మల్లమ్మా, పక్కనే ఉన్న మీ అన్న విన్నాడు. తల వంచుకుని దొడ్డిలోకి పోయాడు. తిట్టినా బాగుండేది.

వచ్చాక గొళ్లెం తీసేశాను. బయటికి పంపితే గడియలోనే తిరిగొస్తుంది. పిల్లలూ పిలవడం మానేశారు. అది అలగదు, మొండికేయదు, ఎదురు చెప్పదు... ఇన్నేండ్లలో రావలసినవి ఇక వస్తాయా? నువ్వుంటే చెప్పేదానివి.

ఇవాళ ఆదివారం. వాకిట్లో తడిమట్టి పోసి కూర్చోబెట్టాను. ఏం చేయమంటావని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నోటిదాకా వచ్చిన మాటను మింగాను. పొద్దుగూకేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చివరికి ఒక్క వేలితో మట్టి మీద రెండో ఎక్కం రాసి, సరిగ్గా ఉందా అని అడిగింది.

రేపు కూడా మట్టి పోస్తాను. దిద్దను, నేర్పను. అది నన్ను అడగడం మరిచిపోయేదాకా, ఎన్నాళ్లయినా, గడప మీద ఊరికే కూర్చుంటాను. ఇది నీకిచ్చే మాట.

పద్మ నాయిన