అక్కా, ఆ డిఫ్యూజర్ నీకు పంపను

తార్నాక,
మంగళవారం మధ్యాహ్నం

ప్రియమైన అక్కకు,

చెల్లెలు లావణ్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, నరేశ్, పాప బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బావగారు, నాన్న, చిన్నూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. నీకు నాలుగో నెల కదా, వాంతులు కాస్త తగ్గాయా? నాన్న మోకాలు ఎలా ఉంది? చలికి మెట్లెక్కవద్దని నేను చెప్పానని చెప్పు.

చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావేమో. ఫోన్లో నువ్వు "ఎలా ఉన్నావే" అంటావు, నేను "బాగానే ఉన్నా" అంటాను, అక్కడితో అయిపోతుంది. పైన కూడా అదే రాశాను చూడు. పాప సంగతిలో అది నిజమే. కంగారు పడకుండా చదువుతావని ముందే చెబుతున్నాను, పాప బాగుంది.

మొన్న నువ్వు అడిగావు, నా ఏడో నెలలో వచ్చినప్పుడు మా ఇంట్లో చూసిన వాసనల బుడ్డి లాంటిది నీకూ ఒకటి కొని పంపమని, వాంతులకు హాయిగా ఉంటుందేమోనని. నేను మాట దాటేశాను. నీకు కోపం వచ్చినట్టుంది. ఎందుకు పంపడం లేదో చెబుతాను.

ఆ డిఫ్యూజర్ యూనివర్సిటీలో నాతోపాటు పరిశోధన చేసే అమ్మాయిలు ఇచ్చారు. సెలవు పెట్టి వచ్చేస్తుంటే, రంగు కాగితం చుట్టి, నాలుగైదు తైలం సీసాలతో చేతిలో పెట్టారు. నువ్వున్న రోజు బాగానే ఉంది కానీ, నువ్వు వెళ్ళాక తలుపులు మూసుకుని పొద్దస్తమానం లావెండర్ పెట్టుకున్నాను. తల దిమ్మెక్కి, తిన్నదంతా కక్కుకున్నాను. నన్ను చూసే డాక్టరమ్మను అడిగితే, ఆవిడ ఆ సీసాలన్నీ తెమ్మని పేర్లు చదివి, సగం పక్కన పెట్టేసింది. మిగిలినవి కూడా మొదటి నెలల్లో వద్దంది. తర్వాతైనా అడిగి, కిటికీ తెరిచి, కాసేపు పెట్టి ఆపేయాలంది. ఒంటికి నేరుగా రాసుకోకూడదు, నోట్లో వేసుకోకూడదు అంది. అప్పుడే దాన్ని అటక మీద పడేశాం. నీకు ఇప్పుడు నాలుగో నెలే. అందుకని వద్దంటున్నాను. అసలు సంగతి అది కాదు, తర్వాత జరిగింది.

ఇక్కడి చలికాలం మన నరసాపురంలోలా ఉండదక్కా. మన దగ్గర చలిలోనూ తడి ఉంటుంది. ఇక్కడి గాలి ఒంట్లో ఉన్న తడంతా పీల్చేస్తుంది. బాల్కనీలో ఆరేసిన పాప గుడ్డలు స్నానం చేసి వచ్చేసరికి పెళపెళలాడుతుంటాయి. పాపకు ముక్కు దిబ్బడేసి పాలు తాగలేకపోతుంటే, నరేశ్ ఒక పెద్ద హ్యూమిడిఫైయర్ తెచ్చాడు. నీళ్ళు పోస్తే మంచులా పొగ వదులుతుంది. కుళాయి నీళ్ళు పట్టి పోశాడు. మా బిల్డింగులో వచ్చేది బోరు నీళ్ళు, బకెట్లకు తెల్లగా చార కడుతుంది. అందులోనే నీలగిరి తైలం కూడా వంచాడు. "చిన్నప్పుడు మాకు జలుబైతే మా అమ్మ గిదే ఆవిరి పట్టేది. పొద్దుగాల్లకల్లా తగ్గేది," అన్నాడు. ఉయ్యాల పక్కనే పెట్టి, గాలి పోకుండా కిటికీలు బిగించి, ఆఫీసుకు వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మ తన పిల్లలకు చేసిందే అతనూ చేశాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నువ్వు నెల రోజులుండి నాకూ పాపకూ చాకిరీ చేసి వెళ్ళాక, నాకేదో అయింది. దిగులు అనుకుంటావేమో. దిగులైతే ఏడుపు వస్తుంది కదా. నాకు ఏదీ రావడం లేదు. పాపకు పాలిస్తాను, గుడ్డలు మారుస్తాను, ఉయ్యాల ఊపుతాను. ఎవరో చెప్పిన పని చేసినట్టు చేస్తాను. నరేశ్ పప్పు చేసి "ఉప్పు సరిపోయిందా?" అంటాడు. సరిపోయిందంటాను. నిజానికి తెలియదు. కిటికీలోంచి మెట్రో రైళ్ళు వెళ్తుంటే చూస్తూ కూర్చుంటాను. పగలు అలాగే గడిచిపోతుంది.

మిషను పెట్టాక టీవీ మీద, టేబుల్ మీద, నా కళ్ళజోడు మీద తెల్లటి పొడి పేరుకోవడం మొదలైంది. తుడిచేదాన్ని. మళ్ళీ పేరుకునేది. ట్యాంకు అడుగున వేలు పెడితే జిగురుగా తగిలింది. పాప దగ్గడం మొదలుపెట్టింది. వింటూనే ఉన్నాను. కింద బస్సు హారన్ వినబడ్డట్టే అదీ వినబడింది. దాని కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. తుడిచాను. మిషను ఆపాలని నాకు తోచలేదక్కా. పక్కనే కూర్చుని ఉన్నాను.

రెండు మూడు రోజులు ఇలాగే నడిచాక ఒక పగలు, మా పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు యశోదాంటీ టమాట పచ్చడి తీసుకుని వచ్చింది. తలుపు తీయగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏంది లావణ్యా గీ వాసన? మెట్ల దాకా కొడుతున్నది. కండ్లు మండుతున్నయ్," అంటూనే లోపలికి వచ్చి ఉయ్యాలలోకి వంగింది. "అయ్యో, పిల్ల డొక్కలెగరేస్తున్నది! నువ్వు సూస్తలేవా?"

అప్పుడు చూశాను. ఊపిరి తీసినప్పుడల్లా పాప పక్కటెముకల కింద గుంట పడుతోంది. గొంతులో పిల్లికూత. ఆంటీ పచ్చడి గిన్నె నేల మీద పెట్టేసి ప్లగ్గు పీకింది, కిటికీలన్నీ తెరిచింది, పాపను భుజాన వేసుకుంది.

"లే బిడ్డా, చెప్పులేస్కో. ఆటో పిలుస్తా. గట్ల సూస్తవేంది? లే!"

లేచాను. చెప్పులు వేసుకున్నాను. మెయిన్ రోడ్డు మీద పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు చిన్నమ్మాయి, నా వయసే ఉంటుంది. స్టెతస్కోపు పెడుతూనే అడిగింది.

"గదిలో ఏం పెట్టారమ్మా?"

నేను నోరు తెరిచేలోగా ఆంటీయే చెప్పింది. "నీలగిరి తైలం డాక్టరమ్మా. మిషన్ల పోసిర్రు. గదంతా గదే పొగ."

పాప ముఖానికి మాస్కు పెట్టారు. ఆ మాస్కు దాని ముఖమంతా ఉంది. నరేశ్ ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చాడు. వరండాలో గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. కొంతసేపటికి నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"నేనే పోసిన లావణ్యా. నా చేతుల్తోనే పోసిన. నన్ను తిట్టు. ఒక్క మాటన్న తిట్టు."

తిట్టాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి కదా అక్కా. నా దగ్గర లేదు. "టీ తాగుతావా?" అని అడిగాను. అతను నన్ను చూసిన చూపు ఇంకా కళ్ళముందే ఉంది.

మర్నాటికి పాప ఊపిరి కుదుటపడింది. డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఇంత పసిపిల్లలున్న గదిలో ఏ తైలమూ వద్దట, మిషనులోనూ, ఛాతీ మీదా, దిండు మీదా. కర్పూరం, జలుబు బామ్ కూడా వద్దట. ముక్కు దిబ్బడేస్తే సెలైన్ చుక్కలు చాలట. గాలి మరీ పొడిగా ఉంటే ఒట్టి నీళ్ళ పొగ పెట్టుకోవచ్చు, అది కూడా బోరు నీళ్ళతో కాదు, బజార్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో. మేం తుడుస్తూ వచ్చిన తెల్లపొడి ఆ నీళ్ళలోని సున్నమేనట, పాప దాన్నే పీల్చిందట. రోజూ పాత నీళ్ళు పారబోసి, ట్యాంకు కడిగి ఆరబెట్టాలట, లేకపోతే అందులో పెరిగే పాచి కూడా గాలిలోకే వస్తుందట. ఉయ్యాలకు దూరంగా పెట్టాలి, పొగ బిడ్డ మీదికి పోకూడదు, గోడలు చెమ్మగిల్లితే ఆపేయాలి. వేడినీళ్ళ గిన్నె ఆవిరి అసలే వద్దంది, ఒలికి కాలిన పిల్లలు వస్తూనే ఉంటారట. నరేశ్ బుద్ధిగా తలూపుతూ అన్నీ విన్నాడు.

చివర్లో ఆవిడ అతన్ని మందులు తెమ్మని పంపి, నా వైపు తిరిగింది.

"పాప ఓకే. మీరెలా ఉన్నారు?"

"బాగానే ఉన్నానండీ."

"నిన్నటి నుంచి చూస్తున్నా. మీరు ఒక్కసారి కూడా ఏడవలేదు."

"రావడం లేదండీ," అన్నాను. ఎన్నాళ్ళ నుంచి అంటే, కాన్పయిన నెల తర్వాత నుంచి అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. కాన్పు తర్వాత కొందరికి ఇలా అవుతుందని, ఇదీ ఒక జబ్బేనని, నయమవుతుందని చెప్పి, మనసు జబ్బులు చూసే ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పంపింది. ఇప్పుడు ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను. పాలిచ్చేవాళ్ళకు పనికొచ్చే మాత్రలే ఇచ్చింది. ఇంకా పెద్ద తేడా ఏమీ లేదు. సమయం పడుతుందంటోంది.

నరేశ్ సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటున్నాడు. సాయంత్రాలు పాపను ఎత్తుకుని యూనివర్సిటీ లోపలికి నడుస్తాం. చెట్ల కింద పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పుస్తకాల్లోంచి తలెత్తి పాపను చూసి నవ్వుతారు. నా లాబ్ ఉన్న భవనం ముందు కాసేపు నిలబడి తిరిగొస్తాం. నేను మళ్ళీ ఎప్పుడొస్తానని మా మేడమ్ అడిగిందట. ఇంకా ఏమీ చెప్పలేదు.

కాబట్టి అక్కా, నీకు ఏ మిషనూ పంపను. అయినా నరసాపురంలో గాలిలోనే కావలసినంత నీరుంది. దానికి తోడు పొగ పెడితే గోడలకు బూజు పడుతుంది. వాంతులకు డాక్టరునే అడుగు. బిడ్డ పుట్టాక, ఎవరు ఎంత ముద్దుగా ఏది తెచ్చిచ్చినా గదిలో పెట్టే ముందు అడుగు. ఇంకొకటి. అప్పుడు నీకూ నాలాగా ఏమీ అనిపించకపోతే, బాగానే ఉన్నానని మాత్రం అనకు. నాకు చెప్పు.

వీలుంటే నీ పాత నూలుచీరలు రెండు పంపు, పాప కింద పరవడానికి. నాన్నకు ఈ ఆసుపత్రి సంగతి ఇప్పుడే చెప్పకు. బావగారికి చెప్పినా పర్వాలేదు.

ఇంతవరకు రాసి లేచి వెళ్ళాల్సి వచ్చింది. గదిలో పాప ఏడ్చింది. నరేశ్ అక్కడే ఉన్నాడు, ఎత్తుకునేవాడే. నేను వెళ్ళి ఎత్తుకున్నాకగానీ నేను లేచానని నాకు తెలియలేదు. వచ్చి చూస్తే పెన్ను మూత పెట్టక కాగితం మీద సిరా ఊరింది. ఈ మచ్చ అదే. తిరిగి రాసే ఓపిక లేక అలాగే పంపుతున్నాను. ఇదేమీ పెద్ద సంగతి కాదు, అయినా నీకు రాయాలనిపించింది.

నాన్నకు, బావగారికి నా నమస్కారాలు. చిన్నూకు ముద్దులు. పాపను దీవించు. నన్ను కూడా.

నీ చెల్లెలు,
లావణ్య