క్లైంబింగ్ చిట్టి

మార్చి 9
ఓనరు గారి అమ్మాయి చిట్టి వెళ్ళిపోయింది. మోటార్లు బాగుచేసే మెకానిక్‌ని పెళ్ళి చేసుకుందట. పొద్దున్నే ఆయన నర్సరీకొచ్చి, కూతురి పేరున్న రోజా మొక్క ఒక్కటి కూడా కనబడకూడదన్నారు. తల్లిమొక్కతో సహా. నేను అంటు కట్టినవన్నీ నా చేతే పీకించారు. మధ్యాహ్నానికి అంతా బూడిద. ఆయన అన్నం ముట్టలేదు. నేనూ ముట్టలేదు.

మార్చి 10
ఒకటి మిగిలింది. పంపు షెడ్డు వెనక నేనెప్పుడో సరదాకి నాటుకున్నది. ఎవరికీ గుర్తు లేదు. నేను నోరు విప్పలేదు.

మార్చి 13, సాయంత్రం
ఈ రోజా పుట్టినప్పుడు చిట్టికి ఏడేళ్ళు. దీని తల్లి హైబ్రిడ్ టీ అనే మామూలు రోజా పొద, నడుము దాటి పెరిగేది కాదు. పువ్వు లోపల పసుపు, అంచున లేత గులాబి. వాసన టీపొడి డబ్బా మూత తీసినట్టు. కానీ మెడలో బలం లేదు. విచ్చిందంటే తల వాల్చేసేది. కొనేవాళ్ళు లేక తీసేద్దామనుకున్నాం. ఆ ఏడాదే ఒక పొదలోంచి ఒక్క కొమ్మ ఉన్నట్టుండి లేచి, ఆగకుండా పోయింది. అత్తా, ఈ కొమ్మకి పిచ్చెక్కింది అంటూ చిట్టే నన్ను లాక్కెళ్ళి చూపించింది. అలా ఉన్నట్టుండి గుణం మారిన కొమ్మని స్పోర్ట్ అంటారు. ఆ కొమ్మ కణుపుల దగ్గరి చిగురు కళ్ళు తీసి అంట్లు కట్టాను. గోడెక్కింది. పైనుంచి తల వాల్చిన పువ్వు కింద నిలబడ్డవాళ్ళ మొహంలోకి చూస్తుంది. అంతవరకూ ఎందుకూ పనికిరాని మెడే దాని అందమైంది. ఓనరు గారు ముచ్చటపడి కూతురి పేరు పెట్టారు. క్లైంబింగ్ చిట్టి. చిట్టి మొక్కే కదా, కుండీలో సరిపోతుందా అని కస్టమర్లు అడిగేవాళ్ళు.

మొండిది కూడా. నిటారుగా వదిలేస్తే చివరన తప్ప పూయదు. కొమ్మ వంచి అడ్డంగా కట్టాలి. మొదలంటా కోస్తే ఎక్కడం మర్చిపోయి మళ్ళీ పొదైపోతుందేమోనని ఎప్పుడూ భయమే.

మే 28
చిట్టి ఫోన్. మేడ మీద గది అద్దెకి తీసుకున్నారట. బాల్కనీకి ఇనుప కటకటాలు ఉన్నాయట. నాన్న అన్నీ తగలబెట్టించాడటగా అంది. ఒకటుందన్నాను. అవతల ఏడుపో నవ్వో తెలీలేదు. వానలు పడగానే అంటు కట్టి ఇస్తానని మాటిచ్చాను.

జూన్ 11
షెడ్డు పైకప్పు మార్చడానికి ఓనరు గారు రేపు మనుషుల్ని తెస్తున్నారు. రోజా కప్పు మీదకి పాకి, పూసి ఉంది. ఇప్పుడు పెళ్ళగిస్తే బతకదు. మోకాలి ఎత్తుకి కోసేసి, ఖాళీ గోనెసంచులు కప్పాను. మనసు వద్దంటూనే ఉంది, చెయ్యి కోస్తూనే ఉంది.

జూన్ 12
ఆయన అటు చూడనైనా లేదు.

జూన్ 30
కోసిన కొమ్మల కళ్ళతో కట్టిన అంట్లు ఎండకి ఒక్కటీ పట్టలేదు.

జూలై 19
మొక్క మొదట్లో చిగురు!

సెప్టెంబర్ 6
పొద. ప్రతి చిగురూ మోకాలు దాటగానే మొగ్గ తొడిగి ఆగిపోతోంది. పాత కస్టమర్లకి ఫోన్లు చేశాను. ఒకావిడ మొక్క ఎప్పుడో ఎండిపోయిందట. ఇంకొకాయన ఆ గోడ పడగొట్టి షాపులు కట్టాడట. తక్కినవాళ్ళకి అలాంటిదొకటి కొన్న గుర్తే లేదు.

అక్టోబర్ 17
చిట్టికి చెప్పేశాను. పర్లేదత్తా అంది. ఆ పర్లేదే గుండెల్లో గుచ్చుకుంది. పొదైనా సరే, ఇవ్వనా అన్నాను. అది నా పేరున్న మొక్క కాదుగా అంది. మెకానిక్‌కి వేరే ఊళ్ళో పని దొరికిందట, వెళ్ళిపోతారట. ఏ ఊరని అడిగితే, నాన్నకి చెప్పేస్తావేమో అంది.

నవంబర్ 25
చిట్టి నంబర్ పనిచేయట్లేదు.

జనవరి 8
ఓనరు గారు టీ గ్లాసుతో వచ్చి నా పక్కన కూచున్నారు. ఎన్నడూ లేదు. ఒక్కటైనా దాచావా అని అడిగారు. తిట్టడానికి కాదు. షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాను. నేల మీద చతికిలబడి, పువ్వుని, పిల్ల గడ్డం పట్టుకున్నట్టు పట్టుకుని పైకెత్తి చూశారు. అమ్మాయి ఎక్కడుందో తెలుసా అన్నారు. తెలీదన్నాను. నిజంగానే తెలీదు. మొక్క ఇంక ఎక్కదని కూడా చెప్పాను.

జనవరి 9
పొద్దున నేనొచ్చేసరికి ఆయన షెడ్డు గోడ నిండా మేకులు కొట్టి ఇనుప తీగలు లాగుతున్నారు. ఎక్కదండీ అని మళ్ళీ చెప్పాను. నిచ్చెన పట్టుకో అన్నారు.

పట్టుకున్నాను.