కిటికీ పక్కన కుర్చీ

బావగారికి,

మీరు దగ్గరుండి మాకు అమ్మిన డీజిల్ కారు ఇప్పుడు వీధంతా ప్రసిద్ధి. పరీక్ష చేస్తున్నారని పసిగడితే పొగ తగ్గించుకుని, రోడ్డెక్కగానే ఇష్టమొచ్చినట్టు వదిలేలా కంపెనీవాళ్లే దాన్ని తయారుచేశారట. పేపర్లో వచ్చింది. మర్నాడు మావారు కారు తీస్తుంటే ఎదురింటివాళ్లు గబగబా తలుపులు మూసేశారు. వెనకద్దం దుమ్ములో ఎవరో వేలితో "ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, బుద్ధిగా ఉండు" అని రాశారు. నేను నవ్వాను. మావారు నవ్వలేదు.

పక్కింటి మామ్మగారికి ఆయాసం. "ఇది పొగ వదలదండీ" అని మీ మాటే ఆవిడకి అప్పజెప్పి, ఇన్నాళ్లూ ఆవిడ కిటికీ కిందే కారు నిలిపింది ఈయనే. వెళ్లి క్షమించమన్నారు.

"నువ్వేం చేస్తావు నాయనా, నీకలా చెప్పారు. ఆ చెప్పినాయన్ని ఓసారి తీసుకురా" అందావిడ.

ఈయన అప్పట్నుంచి బస్సులోనే ఆఫీసుకి వెళుతున్నారు. కారు ఆ కిటికీ కిందే కదలకుండా ఉంది.

ఆదివారం ఓ గంటసేపు మీరు తప్పకుండా రావాలి. ఆ గంటసేపు మామ్మగారు మా ఇంట్లో కూర్చుంటారు. ఆవిడ గదిలో కిటికీ పక్కన మీకు కుర్చీ వేయించాం. మీరు హాయిగా ఊపిరి పీల్చుకుందురుగాని, ఇంజను స్టార్ట్ చేసే పని నాది.

మీ మరదలు