నీకు బదులు షేతు

దావీదూ, నా కొడుకా,

చదవడం నేర్వకముందే పోయావు. అయినా నీకే రాస్తున్నాను. ఇవాళ ఇబ్రహీంపట్నం ప్రార్థన గుడిలో నీ తమ్ముడికి పేరు పెట్టారు.

వీడైనా దక్కాలని మీ నాయనమ్మ పుట్టిన రోజే వాణ్ణి చాటలో వేసి, పెంటకుప్ప మీద పెట్టి తెచ్చింది. "పెంటయ్య అనుర్రి, చావు గిటు దిక్కు సూడదు," అంది. గుడి పాదిరి అయ్యగారు మాత్రం షేతు అన్నారు. షేతు అంటే దేవుడు నియమించినవాడట. అన్న చేతిలో చచ్చిపోయిన హేబెలుకు బదులు దేవుడు ఇచ్చాడంటూ తొలి తల్లి హవ్వ తన కొడుక్కి పెట్టిన పేరట.

నాకు ఒళ్లు మండింది. "కుండ పగిలితే ఇంకో కుండ తెచ్చినట్టా అయ్యగారూ? నా దావీదుకు బదులు ఎవ్వరు లేరు. గా పేరు నాకొద్దు," అన్నాను, అందరి ముందే.

ఆయన కోప్పడలేదు. "గా హవ్వ తల్లి మాట జర మళ్ల విను బిడ్డా. పుట్టినోనికి పేరు పెట్టుకుంట గూడ పోయినోని పేరే తల్సుకున్నది. మర్సిపోయిన తల్లి గట్ల పెడ్తదా?" అన్నారు.

నేను వాణ్ణి ఆయన చేతికిచ్చాను. తల మీద నీళ్లు పడగానే వాడు ఏడ్చాడు. నీకు పోసినప్పుడు నువ్వు నవ్వావు.

పట్నం దవాఖానకు బండి కట్టేలోగా నువ్వు కన్నుమూసిన నాటి నుంచి నీ తొట్టెల అటక మీదే ఉంది. తమ్ముణ్ణి ఇన్నాళ్లూ నా పక్కలోనే వేసుకున్నాను. ఈ సాయంత్రం దాన్ని దింపి, తుడిచి, వాణ్ణి అందులో పడుకోబెట్టాను. ఊపుతుంటే నోటికి "దావీదూ" అనే వచ్చింది.

దిద్దుకోలేదు.

మీ అమ్మ