ఎదుగూ బొదుగూ లేని కణాలు

మేనకోడలికి,

ఈసారి ఆశీస్సులు లేవు. ఫోన్లో తిడితే మధ్యలో కట్ చేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నాకు లుకేమియా వచ్చిందని తెలియగానే, మీ ల్యాబులో పరిశోధనకంటూ గొట్టం నిండా నా రక్తం పట్టుకెళ్ళావు. నాలాంటివాళ్ళకి పనికొస్తుందని ఇచ్చాను. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ కణాలకి ఎదుగూ బొదుగూ లేదటగా!" అంది. మీ అత్తయ్య స్పీకరు పెట్టింది. పక్కింటివాళ్ళూ విన్నారు. డ్రిల్లు మాస్టారుగా ఊళ్ళో సగంమందిని దారిలో పెట్టినవాణ్ణి. నాకు ఎదుగుదల లేదా?

పళ్ళు నూరుతూ,
నీ మామయ్య

తా.క. అది విని మీ అత్తయ్య నవ్వింది. ఆమెతో మాటలు మానేశాను. ఈ ఉత్తరం పోస్టు చేయాల్సింది మాత్రం ఆమే.

*

మామయ్యకి నమస్కారాలు.

నేనన్నది మిమ్మల్ని కాదు, మీ జబ్బుని. మామూలు తెల్లకణం ఎముక మూలుగలో పుట్టి, ఎదిగి, తన పని చేసి చచ్చిపోతుంది. లుకేమియా కణం ఎదగదు, పని చేయదు, ఊరికే గుంపులు కడుతుంది. దాన్ని ఎదిగేలా చేయాలని మా తాపత్రయం. ఒక మందు వేశాం, చలనం లేదు. ఇంకోటి వేశాం, అదీ అంతే. మొన్న రెండూ కలిపి వేసి మైక్రోస్కోపులో చూద్దును కదా, సగానికి పైగా ఎదిగాయి! పట్టలేని ఆనందంతో అమ్మకి చెప్పాను. మొదటి సగం వినగానే అమ్మ ఫోన్ పెట్టేసింది, మీకు చేయడానికి.

మీ మేనకోడలు

తా.క. ఇంత మొండి కణాల్ని ఎక్కడా చూడలేదని మా మేడమ్ ఆశ్చర్యపోయింది. నేను మాత్రం ఆశ్చర్యపోలేదు.

*

మేనకోడలికి,

ఎదిగాయా? మరి ఆ మందులు నాకెందుకివ్వలేదు? సొంత మామయ్య దగ్గరే దాస్తావా? ఆసుపత్రి డాక్టరుకి మొహం మీదే చెప్పేశాను: "మీ సెలైన్లు చాలు. మా అమ్మాయి మందు వచ్చేదాకా ఈ మంచం ఎక్కను." రెండూ ఒకే సీసాలో కలిపి పంపించు.

ఎదురుచూస్తూ,
ఇంకా బతికే ఉన్న నీ మామయ్య

తా.క. భోజనానికి ముందా, తర్వాతా? అది రాయడం మర్చిపోకు.

*

మామయ్యా!

నమస్కారాలు తర్వాత. మీకేమైనా మతి పోయిందా? కణాలు ఎదిగింది గాజు పళ్ళెంలో! అందులో ఫినాయిలు పోసినా చస్తాయి, మీరు తాగుతారా? ఆ పళ్ళేనికి గుండె లేదు, కాలేయం లేదు, అత్తయ్య లేదు. మనిషికి ఇవ్వొచ్చో లేదో తేలడానికే ఏళ్ళు పడుతుంది. మీ డాక్టరు ఆ సెలైన్లలో ఎక్కించేదే మీకు మందు. సోమవారం మళ్ళీ మందు ఎక్కించేటప్పుడు మీరు మంచం ఎక్కకపోతే నేనే వచ్చి ఎత్తి పడుకోబెడతాను. భయమేసి అరుస్తున్నాను మామయ్యా, ఏమనుకోకండి.

మీ మేనకోడలు

తా.క. ఇంత తిట్టి అడగడానికి సిగ్గుగా ఉంది. ప్రయోగం మళ్ళీ చేసి చూడాలి. మీ కణాలు అయిపోయాయి. ఇంకో గొట్టం ఇస్తారా?

*

మేనకోడలికి,

సోమవారమే మంచం ఎక్కాను. ఇన్ని వారాలు జవాబు రాయనిది అలిగి కాదు, చేతికి సూదులుండి.

ఇవాళ నీ గొట్టం కోసం చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాను. డాక్టరు నా మూలుగ పరీక్ష కాగితం చూసి, "ఇవ్వడానికేం లేదు మాస్టారూ. చెడ్డ కణం ఒక్కటీ కనబడటం లేదు," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "సరిగ్గా వెతకండి! అమ్మాయి అడిగింది!" అని అరిచాను. నర్సు నవ్వింది. మీ అత్తయ్య అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది. అడక్క అడక్క నువ్వొకటి అడిగితే అదీ లేకుండా చేశారు!

మండిపడుతూ, ఆశీస్సులతో,
నీ మామయ్య

తా.క. పక్క మంచం ఆయన్ని అడిగిపెట్టాను. తన దగ్గర బోలెడున్నాయి, ఇస్తానన్నాడు. త్వరగా రా. ఆయనకీ నయమైపోయిందంటే వట్టి చేతులతో పోతావు.